రూల్ నోటికి వచ్చినా పోని తప్పు: అఫెక్ట్, ఎఫెక్ట్ మీద ఒక కేస్ స్టడీ

ఉద్యోగంలో ఇంగ్లిష్ రాయాల్సి వచ్చేవాళ్లకు ఆ రాతలో సాయం చేయడం నా పని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది తెలుగు మాట్లాడేవాళ్లే. తమ సబ్జెక్టులో గట్టివాళ్లు, రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్లు. ఎక్కడ అఫెక్ట్ రాయాలి, ఎక్కడ ఎఫెక్ట్ రాయాలి అన్న గొడవ వాళ్లందరికీ పాతదే, దానికి చిట్కాలకూ కొదవ లేదు. అయినా ఈ ఒక్క కేసును పూర్తిగా రాసిపెట్టాలనిపించింది. ఇక్కడ రూల్ తెలియక తప్పులు రాలేదు. రూల్‌ను నిద్రలో లేపి అడిగినా చెప్పగల మనిషి రాతలో తప్పులొచ్చాయి. పైగా రూల్‌ను గట్టిగా పట్టుకున్న కొద్దీ ఒకచోట పోయిన తప్పు ఇంకోచోట తేలింది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఉదాహరణ వాక్యాల్లో కూడా మందు, జబ్బు వివరాలు మార్చాను.

నేపథ్యం

ఆమె మందుల భద్రతకు సంబంధించిన రిపోర్టులు రాసే టీమ్‌లో పనిచేస్తారు. పేషెంట్ మందు మొదలుపెట్టాక ఏం జరిగింది, ఎన్నాళ్లకు జరిగింది, మందు ఆపితే తగ్గిందా లేదా అన్నది తేదీల వరసలో రాయాలి. దాన్ని వాళ్లు నేరేటివ్ అంటారు. ఆ రాతలో ఈ రెండు మాటలూ పేరాకోసారి తగులుతాయి.

అక్కడ ఇది వట్టి స్పెల్లింగ్ తప్పు కాదు. "ద డ్రగ్ అఫెక్టెడ్ హర్ రికవరీ" అంటే ఆమె కోలుకోవడం మీద మందు ప్రభావం పడింది అని. చాలాసార్లు దెబ్బతీసిందనే అర్థం. మొదటి అక్షరం 'ఏ' బదులు 'ఈ' పడి "ద డ్రగ్ ఎఫెక్టెడ్ హర్ రికవరీ" అయిందనుకోండి, ఆమె కోలుకున్నదే ఆ మందు వల్ల అని అర్థం. ఒక్క అక్షరంతో మందు మీద ఫిర్యాదు కాస్తా మందుకు కితాబు అయిపోయింది. రెండూ డిక్షనరీలో ఉన్న మాటలే కాబట్టి స్పెల్ చెక్ ఎర్రగీత గీయదు. రెండూ వ్యాకరణపరంగా సరైన వాక్యాలే కాబట్టి గ్రామర్ టూల్ కూడా చాలాసార్లు ఊరుకుంటుంది.

సమస్య

రివ్యూయర్ల నుంచి తిరిగొచ్చిన డ్రాఫ్టుల్లో ఈ మాట దగ్గర మళ్లీ మళ్లీ మార్క్ పడుతోంది. ఆమెకు అదొక టెన్షన్‌గా మారింది. మాట వచ్చిన ప్రతిచోటా వేళ్లు ఆగిపోయేవట. మొదటిసారి మాట్లాడినప్పుడు ఆమె అన్న మాట ఇది: "రూల్ నాకు తెలుసు సార్. కావాలంటే అడగండి, చెప్తాను. రాసేటప్పుడే ఎందుకో తేడా కొడుతుంది."

అడిగాను, తడుముకోకుండా చెప్పారు. అఫెక్ట్ క్రియ, ఎఫెక్ట్ నామవాచకం. 'ఏ' అంటే యాక్షన్, 'ఈ' అంటే ఎండ్ రిజల్ట్. మానిటర్ పక్కన చీటీ కూడా అంటించుకున్నారు. డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఈ రెండు మాటలనూ ఫైండ్‌లో వెతికి ఒక్కోటీ సరిచూసుకునేవారు. అంత జాగ్రత్తపడ్డా కొన్ని తప్పులు మిగిలేవి, అప్పుడప్పుడు సరిగ్గా ఉన్నది కూడా తప్పుగా మారేది.

అందుకే నేను రూల్‌ను మళ్లీ చెప్పలేదు. తెలిసినదాన్ని ఇంకోసారి చెబితే 'నాకే ఎక్కడం లేదు' అన్న భావం పెరుగుతుందే తప్ప లాభం ఉండదు. రూల్‌కీ రాతకీ మధ్య ఏదో తెగింది. అది ఎక్కడో చూడాలి. రివ్యూకి వెళ్లకముందు ఉన్న పాత డ్రాఫ్టులు కొన్ని పంపమన్నాను. తప్పులతో పాటు, సరిగ్గా రాసిన చోట్లు కూడా కావాలన్నాను. ఇలాంటి కేసుల్లో నేను అన్నిటికంటే ముందు అడిగేది ఇదే. తప్పుల జాబితా ఒక్కటే చూస్తే మనిషికి ఏమీ రాదనిపిస్తుంది. సరిగ్గా రాసినవి కూడా వాటి పక్కనే పెట్టి చూస్తేనే ఏది వచ్చో తెలుస్తుంది.

డ్రాఫ్టుల్లో కనిపించింది

'సైడ్ ఎఫెక్ట్', 'అడ్వర్స్ ఎఫెక్ట్', 'ద ఎఫెక్ట్ ఆఫ్', 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్', 'టేక్ ఎఫెక్ట్': వీటిలో ఎక్కడా తప్పు లేదు. ఇవి గుత్తగా గుర్తున్న మాటలు, వీటికి రూల్ అక్కర్లేదు. తప్పులన్నీ రెండు రకాలు. చీటీ అంటించుకోకముందు రాసినవాటిలో క్రియ రావాల్సిన చోట 'ఈ' పడింది: "ద డ్రగ్ ఎఫెక్టెడ్ హర్ స్లీప్". చీటీ వచ్చాక అది చాలావరకు తగ్గింది, కానీ అంతకుముందు లేని కొత్త తప్పు పుట్టింది: "ద డ్రగ్ హ్యాడ్ ఎ నెగటివ్ అఫెక్ట్ ఆన్ హర్ స్లీప్".

మొదటి రకానికి కారణం మన తెలుగులోనే ఉంది. ఇంగ్లిష్ మాటను తెలుగులోకి తెచ్చుకున్నప్పుడు మనం దాని పక్కన అవడం, చేయడం, పడటం లాంటి క్రియ చేరుస్తాం. పనులన్నీ ఎఫెక్ట్ అయ్యాయి, నిద్ర మీద ఎఫెక్ట్ పడింది, ఎఫెక్ట్ చూపించింది. క్రియ బరువంతా తెలుగు మాటే మోస్తుంది కాబట్టి ముందున్న ఇంగ్లిష్ మాట నామవాచకమా, క్రియా అని పట్టించుకునే అవసరమే రాదు. ఒకే రూపం అన్నిచోట్లా నడుస్తుంది. అది తెలుగులో తప్పేమీ కాదు, చక్కగా పనిచేసే పద్ధతి. తిరిగి ఇంగ్లిష్ వాక్యం రాసేటప్పుడే అలవాటైన ఆ ఒక్క రూపం ముందుకొస్తుంది.

రెండో రకాన్ని అర్థం చేసుకోవడానికి నాకు ఎక్కువ సమయం పట్టింది. 'హ్యాడ్ ఎ నెగటివ్...' వరకు రాసి ఆమె ఏమని ఆలోచిస్తున్నారో పైకి చెప్పమన్నాను. "మందు ఏదో చేసింది కదా, అంటే యాక్షన్. కాబట్టి 'ఏ'." ఆ ఆలోచనలో లోపం లేదు. ప్రభావం చూపడం అంటే చేయడమే. చీటీ అడిగిన ప్రశ్నే తేడాగా ఉంది. జరిగింది పనా, ఫలితమా అని అది లోకాన్ని చూసి తేల్చమంటుంది. లోకంలో రెండూ ఒకే సంఘటన. మందు నిద్రను పాడుచేసిందన్నా, నిద్ర మీద మందు ప్రభావం కనిపించిందన్నా జరిగింది ఒక్కటే. స్పెల్లింగ్‌ను తేల్చేది ఆ సంఘటనను వాక్యం ఏ చోట కూర్చోబెట్టిందన్న సంగతి.

పనిచేయనివి

ముందు ఉచ్చారణ దారి చూశాం. చెవికి తేడా తెలిస్తే చెయ్యి దానంతటదే దారిలో పడుతుందన్నది నా ఆలోచన. ఇంకో జంట అయితే అది ఫలించేదేమో. ఈ రెండు మాటల్లో ఒత్తు, అంటే నొక్కి పలకడం, రెండో భాగం మీద పడుతుంది. మొదటి అచ్చు నలిగిపోతుంది. మామూలు వేగంతో మాట్లాడే ఇంగ్లిష్‌లో చాలామంది నోట రెండూ ఇంచుమించు ఒకేలా వినిపిస్తాయి. "ఇట్స్ ఎఫెక్ట్స్", "ఇట్ అఫెక్ట్స్" అనే రెండు ముక్కలను గబగబా పలికి చూడండి. డిక్టేషన్ రాసేవాళ్లు ఎక్కడ పడిపోతారో తెలుస్తుంది. తెలుగులో మనం 'అ', 'ఎ' అని స్పష్టంగా వేరుచేసి పలుకుతాం కాబట్టి ఆమె పలికేటప్పుడు తేడా బాగానే ఉండేది. కానీ అది స్పెల్లింగ్ తెలిసి పలుకుతున్న తేడా. స్పెల్లింగే అనుమానంగా ఉన్నప్పుడు చెవి సాయం చేయలేదు. ఆ దారి వదిలేశాం.

తర్వాత, మాట తీసేసి ఆ చోట ఇంకో మాట పెట్టి చూసే పద్ధతి. చాలాచోట్ల అఫెక్ట్‌కు 'ఇన్‌ఫ్లుయెన్స్' అనీ, ఎఫెక్ట్‌కు 'రిజల్ట్' అనీ అర్థం ఇస్తారు. ఆమె కూడా అదే పెట్టి చూసేవారు, ఏదీ తేలేది కాదు. ఎందుకంటే 'ఇన్‌ఫ్లుయెన్స్' అటు క్రియగానూ ఇటు నామవాచకంగానూ నడుస్తుంది. 'రిజల్ట్' కూడా అంతే, 'ఇంపాక్ట్', 'చేంజ్' కూడా అంతే. రెండు చోట్లా ఇమిడే మాటతో ఆ రెండు చోట్లనూ విడదీయలేం. "హ్యాడ్ ఎ నెగటివ్ ఇన్‌ఫ్లుయెన్స్" హాయిగా కుదురుతుంది కాబట్టి అక్కడ అఫెక్టే అని ఆమె తేల్చుకున్నారు. తనకిచ్చిన అర్థాన్ని నమ్మి, సరైన తర్కంతోనే తప్పు జవాబుకు చేరారు.

పనిచేసింది

పద్ధతి సరైనదే, మాటలే మార్చాలి. ఒక్క సీట్లోనే, అంటే వాక్యంలో క్రియ చోట గానీ నామవాచకం చోట గానీ, ఇమిడే మాటలు కావాలి. క్రియకు 'ఆల్టర్' తీసుకున్నాం. మామూలు వాడుకలో అది క్రియే, నామవాచకం కాలేదు. నామవాచకానికి 'అవుట్‌కమ్' తీసుకున్నాం. అది క్రియ కాలేదు. ఇక అర్థం గురించి ఆలోచించొద్దన్నాను. రెండు మాటల్లో ఏది పెడితే వాక్యం వ్యాకరణపరంగా నిలబడుతుందో చూడమన్నాను, అర్థం కొంచెం కుంటినా ఫరవాలేదు. "ద డ్రగ్ ఆల్టర్డ్ హర్ స్లీప్" నిలబడింది, కాబట్టి అఫెక్టెడ్. "హ్యాడ్ ఎ నెగటివ్ ఆల్టర్" నిలబడలేదు. "హ్యాడ్ ఎ నెగటివ్ అవుట్‌కమ్" నిలబడింది, కాబట్టి ఎఫెక్ట్.

పక్కనున్న మాటలను చూడటం కూడా దీనికి తోడైంది. ముందు 'ఎ', 'యాన్', 'ద', 'నో', 'ఎనీ' ఉన్నా, 'నెగటివ్' లాంటి విశేషణం ఉన్నా అది నామవాచకం సీటు. ముందు 'మే', 'కుడ్', 'డిడ్ నాట్' ఉంటే క్రియ సీటు. చివర ఎస్ ఉందా అన్నది మాత్రం చూడొద్దన్నాను. అఫెక్ట్స్‌లో ఎస్ క్రియకు చేరింది, ఎఫెక్ట్స్‌లో బహువచనానికి చేరింది. పైకి రెండూ ఒకటే కాబట్టి అది తప్పుదారి పట్టిస్తుంది.

కొన్ని వారాల్లో ఆ రెండు రకాల తప్పులూ దాదాపు పోయాయి. చీటీ తీసేశారు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు.

ఫ్లాట్ అఫెక్ట్

ఒక మానసిక వైద్యుడి నోట్స్ ఆధారంగా నేరేటివ్ రాయాల్సి వచ్చింది. నోట్స్‌లో "ఫ్లాట్ అఫెక్ట్" అని ఉంది. ఆమె దాన్ని "ఫ్లాట్ ఎఫెక్ట్" అని దిద్దారు. రివ్యూయర్ ట్రాక్ చేంజెస్‌లో పాత మాటనే తిరిగి పెట్టి, డాక్టర్ వాడిన పదాన్ని మార్చొద్దని రాశారు. ఆమె నాకు ఫోన్ చేశారు. "ముందు విశేషణం ఉంది సార్, అవుట్‌కమ్ పెడితే నిలబడుతోంది. నౌన్ సీటే కదండీ! మరి ఎఫెక్ట్ ఎందుకు కాదు?"

ప్రశ్న న్యాయమైనదే. సీటు నామవాచకానిదే. ఆ సీట్లో కూర్చున్నది మాత్రం మూడో మాట. మానసిక వైద్యంలో అఫెక్ట్ అంటే మనిషి ముఖంలో, గొంతులో, ఒంటి కదలికల్లో పైకి కనిపించే భావ వ్యక్తీకరణ. పేషెంట్‌ను పరీక్షించినప్పుడు డాక్టర్ మూడ్, అఫెక్ట్ అని వేర్వేరుగా రాస్తారు. లోపల ఎలా ఉందో పేషెంట్ చెప్పుకునేది మూడ్, ఎదురుగా కూర్చున్న డాక్టర్‌కు కనిపించేది అఫెక్ట్. ఏ భావమూ పైకి కనిపించకపోతే ఫ్లాట్, బాగా తగ్గి కనిపిస్తే బ్లంటెడ్, ఇట్టే మారిపోతుంటే లేబైల్. దీని ఉచ్చారణ కూడా వేరు. ఒత్తు మొదటి భాగం మీద పడి 'యాఫెక్ట్' అని వినిపిస్తుంది. అంతకుముందు పక్కన పెట్టిన చెవి ఇక్కడ మాత్రం పనికొచ్చింది.

ఇక్కడ నేను ఆలోచించాల్సి వచ్చింది. దీన్ని రూల్‌కు మినహాయింపు అని చెప్పొచ్చు. చాలామంది అలాగే చెబుతారు. అలా చెబితే 'అప్పుడప్పుడు రూల్ తప్పుతుంది' అన్న అనుమానం మొదలవుతుంది, మళ్లీ ప్రతి సీటు దగ్గరా వేళ్లు ఆగిపోతాయి. అప్పుడప్పుడే కుదురుకున్న మనిషికి అది మంచిది కాదు. అందుకే రూల్‌ను కదపకుండా, ఇది వేరే మాట, స్పెల్లింగ్ మాత్రం కలిసింది అని చెప్పాను. ఉచ్చారణ వేరు, అర్థం వేరు, వాడే రంగం వేరు కాబట్టి ఇది సర్దిచెప్పడం కాదు. దీన్ని దాని బంధువులతో కలిపి ఒక గుంపుగా నేర్చుకున్నారు. 'అఫెక్టివ్ డిజార్డర్' (మూడ్‌కు సంబంధించిన రుగ్మత) ఆ గుంపులోదే. జబ్బులకు కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ జాబితా ఐసీడీ-10లో ఎఫ్31 కోడ్ కింద బైపోలార్ అఫెక్టివ్ డిజార్డర్ అని ఉంటుంది. దాన్ని ఎవరైనా ఎఫెక్టివ్ అని దిద్దితే 'బాగా పనిచేసే రుగ్మత' అవుతుంది.

దీంతోపాటు రాతకు సంబంధం లేని ఇంకో నియమం కూడా పెట్టుకున్నారు. డాక్టర్ నోట్స్‌లోని మాట తప్పనిపిస్తే దిద్దకుండా అడగాలి. నా దృష్టిలో ఈ కేసులో అన్నిటికంటే విలువైన మార్పు ఇదే. కొత్తగా నేర్చుకున్న రూల్ మీద నమ్మకం కుదిరిన రోజుల్లోనే మనిషి ఎదుటివాళ్ల సరైన రాతను దిద్దేస్తాడు.

నాలుగోది

ఇక మిగిలింది క్రియగా ఎఫెక్ట్. మొదట చూసిన రికవరీ వాక్యంలోనిది. సీటు పరీక్ష దీన్ని పట్టలేదు, ఎందుకంటే రెండు మాటలూ క్రియ సీట్లోనే కూర్చుంటాయి. ఇక్కడ అర్థంలోకి దిగక తప్పదు.

రెండింటి పుట్టుక చూస్తే దారి దొరికింది. రెండింటి వెనకా లాటిన్‌లో చేయడం అనే అర్థమున్న 'ఫాకెరె' ఉంది. ఒకదాని ముందు 'వైపు' అనే అర్థమిచ్చే 'అద్' చేరింది, రెండోదాని ముందు 'బయటికి' అనే అర్థమిచ్చే 'ఎక్స్' చేరింది. ఉన్నదాన్ని తాకి ఏదో చేయడం అఫెక్ట్. లేనిదాన్ని బయటికి తీసుకురావడం, జరిగేలా చేయడం ఎఫెక్ట్. కాబట్టి క్రియ సీట్లో అడగాల్సిన ప్రశ్న ఒకటే: పక్కన చెప్పింది అంతకుముందే ఉందా, ఈ పని వల్ల కొత్తగా వచ్చిందా? నిద్ర ముందే ఉంది, దాన్ని మందు అఫెక్ట్ చేసింది. "ద డ్రగ్ ఎఫెక్టెడ్ ఎ రిడక్షన్ ఇన్ బ్లడ్ ప్రెషర్" అన్నప్పుడు ఆ తగ్గుదల మందు వల్లే వచ్చింది. అదే వాక్యంలో 'అఫెక్టెడ్ ద రిడక్షన్' అంటే బీపీ అప్పటికే వేరే కారణంతో తగ్గుతోంది, ఆ తగ్గుదలలో మందు తలదూర్చింది అని.

దీనికి నేను తప్పకుండా చూపించే ఉదాహరణ 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటన. ప్రజలు తమ భద్రతనూ సంతోషాన్నీ సాధించగల ప్రభుత్వాన్ని ఏర్పరచుకోవచ్చు అనే చోట 'టు ఎఫెక్ట్ దెయిర్ సేఫ్టీ అండ్ హ్యాపీనెస్' అని రాసుకున్నారు. అక్కడ 'ఏ' పెడితే భద్రత మీద ఏదో ఒక ప్రభావం చూపే ప్రభుత్వం అవుతుంది. అలాంటిది కావాలని ఎవరూ ప్రకటన రాయరు. ఆమెకు ఈ తేడా ఈ వాక్యంతోనే స్థిరపడింది.

అయితే తన రిపోర్టుల్లో ఈ క్రియను తానుగా వాడకూడదని ఆమె నిర్ణయించుకున్నారు, నేనూ సరేనన్నాను. చదివేవాళ్లలో సగంమంది దాన్ని అచ్చుతప్పు అనుకుంటారు. మందుల భద్రత రిపోర్టులో ఆ అనుమానానికి చోటు ఉండకూడదు. 'బ్రాట్ అబౌట్' లేదా 'కాజ్డ్' అని రాస్తే ఏ గొడవా లేదు. ఇతరుల రాతలో కనిపిస్తే గుర్తుపట్టగలగాలి, అంతే.

ఇప్పటి పరిస్థితి

రివ్యూలో ఈ మాట మీద మార్కులు ఆగిపోయాయి. ఆమె ఇప్పుడు ప్రతిచోటా పరీక్ష పెట్టుకోవడం లేదు. వాక్యం పొడుగైపోయి, ముందున్న 'ద'కీ ఈ మాటకీ మధ్య నాలుగైదు మాటలు వచ్చినప్పుడే ఆగి చూసుకుంటారు. తప్పు ఇంకా జరిగేది అలాంటి చోటే: "ద లాంగ్-టర్మ్, డోస్-డిపెండెంట్ అండ్ పాసిబ్లీ ఇర్రివర్సిబుల్..." అని సాగదీశాక సీటు ఎవరిదో మరిచిపోతాం. అలాంటి వాక్యాన్ని విరిచి రెండుగా రాయడమే దానికి మందు.

తర్వాత ఆమే ఇంకో జంటను తెచ్చారు: అడ్వైస్, అడ్వైజ్. పేషెంట్‌కు మందు ఆపమని డాక్టర్ చెప్పిన చోటల్లా అది వస్తుంది. ఇక్కడా మూలం అదే, 'అడ్వైస్ చేశారు' అనే తెలుగు అలవాటు. సీటు పరీక్షకు మాటలు మాత్రం మార్చుకున్నాం. క్రియకు 'టెల్', నామవాచకానికి 'ఇన్ఫర్మేషన్'. 'ఇన్ఫర్మేషన్' ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. అడ్వైస్ లాగే దానికీ బహువచనం ఉండదు, కాబట్టి 'అడ్వైసెస్' అనే తప్పు కూడా దాంతోపాటే పట్టుబడుతుంది. ఈ జంటలో మూడో మాట, నాలుగో మాట లేవు. పైగా 'స్', 'జ్' తేడా ఇంగ్లిష్‌లో నిజంగానే వినిపిస్తుంది కాబట్టి ఇక్కడ ఉచ్చారణతోనే మొదలుపెట్టాం.